వంతుకొక పొట్లం

నాయుడుపేటలో బస్సు దిగిన నర్సు కరుణాకుమారి చేతిసంచిలో రెండే వస్తువులున్నాయి. ఒకటి ఖాళీ అట్టపెట్టె. రెండోది రక్తపరీక్ష కాగితం. పెట్టె దిబ్బపాళెంలో ముత్యాలయ్య ఇంటి చూరులో దొరికింది. కాగితం నెల్లూరు ఆసుపత్రిది. పోయిన వారం మనం ఆమెను ఈ బస్టాండులోనే, మిట్టమధ్యాహ్నం ఎండలో, పళ్ళు బిగించి నడుస్తుండగా వదిలాం.

ముత్యాలయ్య పులికాట్ సరస్సులో వల వేసి బతికే మనిషి. నాలుగేళ్ళ కిందట మంచం మీద పక్కకు ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది అతనికి. చెవి లోపల ఉండే ఇసుకరేణువుల్లాంటి గుళికలు చోటు తప్పాయని చెప్పి, నెల్లూరు డాక్టరు రూఫస్ అతని తలను అటూ ఇటూ వంచి వాటిని సర్దాడు. రాత్రంతా వల దగ్గర, పగలంతా పాక నీడలో నిద్ర. అందువల్ల ఒంట్లో డి విటమిన్ అడుగంటిందని రక్తపరీక్షలో తేలింది. తిరుగుడు మళ్ళీ మళ్ళీ రాకుండా డాక్టరు వారానికొక విటమిన్ పొట్లం, రోజూ కాల్షియం బిళ్ళలు రాశాడు. నాలుగేళ్ళు తల తిరగలేదు.

ఇప్పుడు ఆ ముత్యాలయ్య ఆసుపత్రిలో పడి ఐదు రోజులైంది. దాహం, వాంతులు, పిచ్చి మాటలు. కట్టుకున్న పెళ్ళాం పేరు అడిగితే చెప్పలేకపోయాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. రక్తంలో కాల్షియం పొంగి పొర్లుతోంది. డి విటమిన్ అంకె చూసి యంత్రం తప్పు చూపిందేమోనని డాక్టరు రెండోసారి పరీక్ష చేయించాడు. రెండోసారీ అదే అంకె.

కరుణాకుమారి ఆలోచన నేరుగా ఒకచోట ఆగింది. పొట్లాలు నకిలీవి. ఆ పొట్లాలు దిబ్బపాళేనికి వచ్చేది ఒక్క మెడికల్ షాపు నుంచే.

నరేంద్రబాబు షాపు మెట్లెక్కి, ముందున్న ఇద్దరిని తోసుకుని, ఖాళీ పెట్టెను గాజు బల్ల మీద ఠపీమని కొట్టింది.

"ఇందులో ఏం కలిపి అమ్ముతుండావు?"

నరేంద్రబాబు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పెట్టెను చూశాడు, ఆమెను చూశాడు. పాతికేళ్ళుగా బల్ల వెనక నిలబడి ఎన్ని కేకలు విన్నాడో, తొణకలేదు.

"రాండి సిస్టర్. ముందు కూర్చోండి. బీపీ చూడమంటారా? కేకను బట్టి చూస్తే పైది నూటడెబ్బై ఉండేటట్టుండాది."

పక్కన దగ్గుమందు కోసం నిలబడినాయన కిసుక్కున నవ్వాడు. కరుణాకుమారి అతని వైపు తిరిగి చూసేసరికి నవ్వు దగ్గులోకి మారిపోయింది.

"ఎగతాళి చాలు. ముత్యాలయ్య నెల్లూరులో చావుబతుకుల్లో ఉన్నాడు. నీ షాపు పొట్లం తిని. మనుషుల ప్రాణాలతో ఆడుకుంటూ నుదుటిన ఇంత బొట్టు పెట్టుకుని ఎట్లా కూర్చుంటావయ్యా ఇక్కడ? డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఇప్పుడే ఫోన్ చేస్తా."

"చెయ్యండి. నంబరు లేకపోతే నా దగ్గరుండాది, ఇస్తా." అతను వెనక్కి తిరిగి అరలోంచి సీలు విప్పని పెట్టె తీసి ఆమె ముందు పెట్టాడు. పక్కన కంపెనీ బిల్లు పెట్టాడు. "బ్యాచ్ నంబరు చూసుకోండి. రెండూ ఒకటేనా? సరే. ఇప్పుడు నేనొకటి అడుగుతా, కోపగించుకోకుండా చెప్పండి. పొట్లంలో నేను సున్నప్పొడి కలిపి అమ్మినాననుకోండి. తిన్నోడి రక్తంలో డి విటమిన్ ఎక్కువుంటుందా, తక్కువుంటుందా?"

కరుణాకుమారి సంచిలోంచి రక్తపరీక్ష కాగితం తీసి బల్ల మీద పరిచింది; పెరిగిన అంకె మీద ఆమె వేలు ఆగింది.

"నకిలీదైతే తగ్గాల సిస్టర్. పెరిగిందంటే సరుకు అసలుది. అసలుది కాబట్టే పెరిగింది."

"వారానికొక పొట్లం తింటే అంత పెరగదు."

"వారానికొకటని ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పడమేంది? పెట్టె మీద అచ్చేసి ఉంది!"

"ఇంగ్లీషులో అచ్చేసి ఉండాది." నరేంద్రబాబు గోడకు వేలాడుతున్న ఇనుప ఊచ అందుకున్నాడు. దానికి గుచ్చిన చీటీలను ఒక్కొక్కటే తిరగేస్తూ, అడుగు నుంచి కొన్నింటిని చింపకుండా జాగ్రత్తగా లాగాడు. "దిబ్బపాళెం వాళ్ళు అచ్చు నమ్మలేదు. దీన్ని నమ్మినారు."

మొదటిది మడతల దగ్గర చిరుగుపట్టిన అసలు చీటీ. మిగతా ఆరూ దాని జెరాక్సులు. ఉప్పుగాలికి మెత్తబడిన కాగితం. అసలుదాని మీద నీలి సిరా. గుండ్రటి అక్షరాలు.

*వంతుకొక పొట్లం. పాలల్లో కలిపి తాగాలి. కాల్షియం బిళ్ళలు రోజుకు రెండు. మరవకూడదు.*

*మరవకూడదు* కింద రెండు గీతలు. గీతల కింద సంతకం. *కరుణ.*

ఆమె తన సంతకాన్ని రెండోసారి చదివింది.

నాలుగేళ్ళ కిందటి మధ్యాహ్నం ఒకటి కళ్ళముందుకు వచ్చింది. ముత్యాలయ్య ఇంటి అరుగు. డాక్టరు ఇంగ్లీషు చీటీని అతని పెళ్ళాం పిచ్చమ్మ తలకిందులుగా పట్టుకుని భయంగా చూస్తోంది. సోమవారం గుర్తుంటుందా అక్కా అని అడిగితే, మాకు సోమవారమేంది, మంగళవారమేంది నర్సమ్మా అని నవ్వింది. దిబ్బపాళెంలో వారాలు ఎవరికీ పట్టవు. వంతు మాత్రం ఎవరూ మరవరు. సరస్సులో చేప బాగా పడే చోటు ఒకటే. ఊళ్ళో గుంపులు ఏడు. రోజుకొక గుంపు అక్కడ వల వెయ్యాలి. ఏడు రోజులకొకసారి వంతు. పసిపిల్లను అడిగినా తమ వంతు ఎప్పుడో చెబుతుంది. అందుకే వారానికి బదులు వంతు అని రాసింది తను. ఆ ఉపాయాన్ని జిల్లా మీటింగులో చెబితే చప్పట్లు కూడా కొట్టారు. డాక్టరు ఎనిమిది వారాలన్నాడు, ఆ తరవాత నెలకొకటి అన్నాడు. ఆ మార్పు చెప్పవలసిన రోజు రాకముందే తనకు సంగం ఊరికి బదిలీ అయింది. మూడేళ్ళకు పైగా పెన్న గట్టున వరిచేల మధ్య పనిచేసి, మళ్ళీ దిబ్బపాళెం వచ్చి ఇరవై రోజులు.

మందంటే పిచ్చమ్మకు చచ్చే భయం. ఆ భయం పోగొట్టడానికి ఇంకో మాట కూడా చెప్పింది తను: "ఇది మందు కాదక్కా. ఒంటికి బలం. అంతే."

"ఏడు రోజులకొకసారి గదా వంతు?" అంది.

"ఎప్పటి మాట సిస్టర్ అది! వయసు పిల్లోళ్ళంతా కంపెనీ బస్సులెక్కి పోయినారు. వల లాగే మనుషుల్లేక గుంపులు కలిసిపోయినాయి. ఏడు పోయి రెండు మిగిలినాయి. ఇప్పుడు వంతంటే దినం విడిచి దినం. ఏడాదిన్నర పైన అయింది. మీకు తెలీదా?"

దినం విడిచి దినం. వారానికి మూడు నాలుగు పొట్లాలు. ఏడాదిన్నర. లెక్క వేయడానికి కాగితం అక్కర్లేకపోయింది.

"తెలీదు," అంది. తరవాత తలెత్తి, "నీకు తెలుసు," అంది.

నరేంద్రబాబు చీటీలు సర్దుకుంటున్న చెయ్యి ఆగింది.

"నీకు తెలుసు నరేంద్రబాబూ! నాలుగు పొట్లాల పెట్టె నెల రావాలని తెలుసు. వారం తిరిగేసరికి ఇంకో పెట్టె అడుగుతుంటే తెలుసు. ఇంగ్లీషు చదవగలిగినవాడివి నువ్వొక్కడివే. నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావు?"

"అడిగినా." మొదటిసారి అతని గొంతు పెరిగింది. "ఒకసారి పిచ్చమ్మనే అడిగినా. నర్సమ్మ రాసింది, మధ్యలో నువ్వెవడివయ్యా అని ఇదే మెట్ల మీద నిలబడి కసిరింది. నేను ఇవ్వకపోతే సూళ్ళూరుపేటలో ఇస్తారు."

"కసిరితే మూసుకున్నావు."

"మూసుకున్నా. నువ్వు రాసి ఊరొదిలి పోయినావు. నేను నోరు మూసుకుని బల్ల వెనక కూర్చున్నా. ఇద్దరం కలిసే చేసినాం సిస్టర్ ఈ పని. నువ్వొచ్చి నన్నొక్కడినే తిడితే ఎట్లా?"

దగ్గుమందు కోసం వచ్చినాయన మందు తీసుకోకుండానే మెట్లు దిగాడు.

చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకు. ఎవరి చెంపో తేల్చుకోలేక చెయ్యి లేవలేదు. చీటీలు లాక్కుంది. "ఈ ఆరుగురు ఎవరు? పేర్లు చెప్పు."

"పేర్లా? పేరు రాయమంటే పారిపోతారు. తల తిరుగుడు మనిషని ఊళ్ళో తెలిస్తే పడవెక్కనియ్యరంట. ఇంటి వంతే పోతుందంట. ఆడవాళ్ళు వస్తారు, కొంగు చాటు నుంచి చీటీ ఇస్తారు. ఎవరి చీటీ ఎవరిదో తెలియాలి గదా అంటే, వెనకాల చూడు, బొమ్మలేసినారు."

ఆమె తిప్పి చూసింది. ఒకదాని వెనక చేప. ఒకదాని వెనక మూడు చుక్కలు. నిచ్చెన. నెలవంక. చక్రం. చివరిదాని మీద ఎండ్రకాయ, పది కాళ్ళూ లెక్కగా.

అవి దిబ్బపాళెం వలలు నీళ్ళ మీద తేలేందుకు కట్టే బెండ్ల మీద చెక్కుకునే ఇంటి గుర్తులు. నీళ్ళల్లో ఎవరి వల ఎవరిదో తెలియడానికి తాతల నాటి నుంచీ వేసుకునేవి.

"ఈరోజు ఎవరి వంతు?"

"ముత్యాలయ్య వాళ్ళదే అయ్యుండాల. మధ్యాహ్నం మూడుకల్లా పడవలు కదుల్తాయి."

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

ఆటో సరస్సు దారి పట్టాక డాక్టర్ రూఫస్ నుంచి ఫోన్ వచ్చింది.

"కరుణా, నాకిది అంతు పట్టడం లేదు. సెలైను ఎక్కిస్తున్నాం, మందు ఇస్తున్నాం. తగ్గాలి. మంగళవారం తగ్గింది. బుధవారం రాత్రికి పెరిగింది. నిన్న మళ్ళీ కాస్త దిగింది. పొద్దున మనిషి తెలివిలోకి వచ్చాడు. కానీ ఈ సాయంత్రం పరీక్షలో ఇంకోసారి పెరిగితే మాత్రం కిడ్నీలు తట్టుకోలేవు. డయాలసిస్‌కు మార్చినా నేను మాట ఇవ్వలేను."

"నాకు కారణం తెలిసింది డాక్టర్. నకిలీ కాదు. ఎక్కువైంది. నా వల్ల."

అతను పోట్లాడే సమయం కాదనుకున్నాడేమో, పనిలోకి దిగాడు. "ఇంకా ఎవరైనా తింటున్నారా?"

"ఆరు ఇళ్ళు. వెళ్తున్నా."

"ఈరోజే ఆపించు. అందరినీ నీళ్ళు బాగా తాగమను, రేపు పొద్దున నా దగ్గరుండాలి. మరి ఇక్కడ? బయటి మందులేమీ ఇవ్వొద్దని ఆమెకు గట్టిగా చెప్పాను. ఇవ్వడం లేదు కదా?"

"పిచ్చమ్మా? మందంటే ఆమడ దూరం పారిపోతుంది డాక్టర్. ఆమె ఇవ్వదు."

నిజమే చెబుతున్నాననుకుంది.

రెండు ముప్పావుకు ఆటో దిబ్బపాళెం ఒడ్డున ఆగింది. నీళ్ళు వెనక్కి తీసిన బురద మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. మూడు పడవలు ముక్కులు నీళ్ళ వైపు తిప్పి ఉన్నాయి. పద్నాలుగు మంది మగవాళ్ళు. ఎవరి వలముక్క వాళ్ళు తెచ్చి కుప్ప వేశారు. కుప్ప మీద బెండ్లు. అటు ఇసుకలో పట్టలు పరిచి ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతున్నారు.

మొదటి పడవలో, పడవను తోసే గెడ పట్టుకుని నిలబడిన మనిషి గంగులయ్య. ఊరి పెద్ద. అరవై దాటాయి. ఈ ఊరి కట్టుబాటు అతని నోట్లోంచే వచ్చింది: తల తిరిగేవాడు పడవెక్కకూడదు. ఎనిమిదేళ్ళ కిందట పడవ ముక్కున నిలబడి వల గుంజ దిగేస్తున్న అతని తమ్ముడు తల తిరిగి పడిపోయాడు. వల వదిలేసి పన్నెండు మంది పొద్దుపోయేదాకా వెతికితే శవం దొరికింది. అవతలి గట్టున రాకెట్ ఎగిరే రోజు పడవలు కదలనివ్వరు, అలా వంతు తప్పితే మరునాటికి జరుగుతుంది. మనిషి నిలబడలేక తప్పితే మాత్రం ఆ ఇంటి వంతు పోయినట్టే. కఠినమైన మాటే. శవాన్ని మోసిన చేతులు రాసుకున్న మాట.

"అన్నా, ఆపు!" కరుణాకుమారి చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి దిగింది. "పడవలు కదలొద్దు. అందరూ ఒక్కమాట వినాల."

"వంతు వేళ ఏం మాటలు నర్సమ్మా! ముత్యాలు ఎట్లున్నాడు?"

"చచ్చిపోతున్నాడు. నా చేతిరాత వల్ల."

గెడలు ఆగాయి. ఆమె చీటీ పైకెత్తి చూపింది. అంతా చెప్పింది. వారం అనాల్సినచోట వంతు అని రాశానని చెప్పింది. ఎన్నాళ్ళు తినాలో రాయలేదని చెప్పింది. ఏడు గుంపులు రెండైన సంగతి కనుక్కోలేదని చెప్పింది. ఎక్కడా గొంతు తగ్గించలేదు.

"పొట్లం చెడ్డది కాదు. లెక్క తప్పింది. తప్పించింది నేను. నన్ను తిట్టండి, కొట్టండి, కలెక్టరుకు రాయండి. కానీ ఈ ఊళ్ళో ఇంకా ఆరుగురు అదే లెక్కన తింటున్నారు. దాహం ఆగడం లేదా? రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నారా? అన్నం చూస్తే వికారమా? వాళ్ళు ఇప్పుడే చెప్పాల."

ఒకతను వల ముడి విప్పి మళ్ళీ వేశాడు. ఇంకొకతను నీళ్ళ బాటిల్ ఎత్తబోయి, ఎవరో చూస్తున్నట్టు దించేశాడు.

"అయిందా?" అన్నాడు గంగులయ్య. అతని మెడ నరాలు పొంగాయి. "నువ్వు రాసిన ముక్కకు మా ముత్యాలు మంచాన పడినాడు. అది చాల్లేదని నడి ఒడ్డున నిలబడి మా వాళ్ళకు లేనిపోని రోగాలు అంటగడతావా? మా గుంపులో తల తిరిగేవాడు ఒక్కడు లేడు. ఉంటే నేనే మెడబట్టి దించుతా. చదువుకున్నోళ్ళు మీరు తప్పు చేస్తే కాగితం చింపి ఇంకోటి రాస్తారు. మేము తప్పు చేస్తే నీళ్ళల్లో పోతాము. పో నర్సమ్మా, పో! నీ బలమూ వద్దు, నీవూ వద్దు."

"పోతా. నువ్వు అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు, అందుకే నాకు ఒళ్ళు మండుతోంది." ఆమె వల కుప్ప దగ్గరికి నడిచింది. బెండ్లను చూసింది. చేప. నిచ్చెన. మూడు చుక్కలు. అన్నీ ఉన్నాయి. ఒక్కొక్క చీటీని ఒక్కొక్క బెండు మీద పెడితే చాలు, పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఆరు ఇళ్ళ వంతులూ ఆ ఐదు నిమిషాల్లోనే పోతాయి.

చీటీలను సంచిలో వేసి, ఒక్కటి మాత్రం మడిచి పిడికిట్లో పెట్టుకుంది. మోకాళ్ళ లోతు నీళ్ళల్లో పడవ ముక్కు దాకా వెళ్ళి, గంగులయ్య చేతిలో పెట్టింది.

"వెనకాల చూడన్నా. నువ్వొక్కడివే చూడు."

గంగులయ్య చూశాడు.

ఎండ్రకాయ. పది కాళ్ళూ లెక్కగా.

అతని ముఖంలో కోపం పోలేదు. పోవడానికి చోటు దొరక్క అక్కడే నిలిచిపోయింది. పెదవులు కదపకుండా, "వీళ్ళ ముందర వద్దమ్మా," అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

"నీ తమ్ముడు పోయిన పడవలోనే నిలబడి, రెండేళ్ళు..."

"నేను దిగిపోతే ఈ ఊరిని ఎవడు నిలబెడతాడు? ఉండే రెండు గుంపులూ..."

"ఇంకా ఏం గుసగుసలయ్యా!"

ఒడ్డు మీద నుంచి కేక. గంగులయ్య భార్య సుభాషిణి ఎండు చేపల చేట కింద పడేసి, కొంగు బిగించి వస్తోంది. "ఎన్నాళ్ళు దాస్తావు? రాత్రికి బిందెడు నీళ్ళు తాగుతాండావు. నెల నుంచి నాలుగు మెతుకులు లోపలికి పోలేదు. మొన్న సొంత మనవడిని పట్టుకుని నువ్వెవరి పిల్లోడివిరా అన్నావు. వంతు, వంతు, వంతు! ముత్యాలు మామ కూడా వంతు వంతు అనే పోయినాడు మంచం మీదికి. మొగుడు పోయినాక ఆ వంతును నేను ఉప్పేసి ఎండబెట్టుకోవాల్నా?"

మిగతా పదముగ్గురూ ఊరి పెద్దను చూస్తున్నారు.

గంగులయ్య గెడను ఎత్తి ఒడ్డు మీదికి విసిరాడు. అది వల కుప్ప మీద పడి బెండ్లు చెల్లాచెదురయ్యాయి. పడవ దిగాడు. దిగుతున్నప్పుడు ఒక చెయ్యి గాలిలో ఆసరా వెతికింది. కరుణాకుమారి భుజం అందించింది. అతను ఆ భుజాన్ని పట్టుకోలేదు, వద్దనీ అనలేదు.

"కట్టుబాటు నాది. తప్పింది కూడా నేనే. ముందు నేను దిగినా," అని అరిచాడు. గొంతులో ఇంకా నిప్పుంది. "ఇప్పుడు వినండి. ఒంట్లో బాగలేక దిగినోడి ఇంటి వంతు పోదు. బాగయ్యేదాకా ఆ వంతు ఆ ఇంటిదే. కాదనేవాడు నా ముందుకు రాండి. ఇంకా ఎవడురా?"

ఒకతను దిగాడు. తరవాత ఇద్దరు ఒకేసారి దిగారు, ఒకరినొకరు చూసుకుని నోళ్ళు తెరిచి. పక్క పడవ నుంచి ఇంకొకతను. ఇందాక బాటిల్ దించేసినవాడు అందరికన్నా చివర దిగి, తల వంచుకునే దాన్ని ఎత్తి గటగటా తాగాడు. ఆరుగురు. లెక్క సరిపోయింది.

ఆడవాళ్ళు ఇళ్ళకు పరుగెత్తి పొట్లాలు తెచ్చారు. పోపుల డబ్బాల్లోంచి, దేవుడి పటాల వెనక నుంచి, చూరుల్లోంచి. తడి ఇసుక మీద నారింజ రంగు పొట్లాలు కుప్ప పడ్డాయి. కరుణాకుమారి మోకాళ్ళ మీద కూర్చుని వాటిని సంచిలోకి తోస్తోంది. పొద్దుటి నుంచీ మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. ఆరు ఇళ్ళు దొరికాయి. ఏడో ఇంటి మనిషి ఆసుపత్రిలో డాక్టరు కళ్ళ ముందున్నాడు. ఇక భయం లేదు.

"ఇవే గదా అన్నీ? ముత్యాలయ్య ఇంట్లో ఇంకేమైనా మిగిలినాయా?"

"ఆమెవి మా ఇంట్లోనే పెట్టి పోయింది నర్సమ్మా," అంది సుభాషిణి. "ఇప్పుడు లేవులే. పొద్దున మొదటి బస్సులో పంపించేసినాం."

"ఎక్కడికి?"

"నెల్లూరికి. పిచ్చమ్మక్క రాత్రి ఫోన్ చేసింది. తీసుకపోయిన రెండూ సోమవారం వంతుకొకటి, బుధవారం వంతుకొకటి అయిపోయినాయంట. ఈరోజు మళ్ళీ వంతు గదా, తప్పకూడదు అనింది."

మంగళవారం తగ్గింది. బుధవారం పెరిగింది. నిన్న దిగింది. ఈరోజు శుక్రవారం.

"డాక్టరు... బయటి మందులు ఏవీ ఇవ్వొద్దని ఆమెకు చెప్పినాడు!"

"చెప్పినాడంట. అందుకే మందులేవీ ఇవ్వడం లేదు." సుభాషిణి ఆమెను వింతగా చూసింది. "ఇది మందు కాదు గదమ్మా. బలమని నువ్వే గదా చెప్పినావు."

కరుణాకుమారి వేళ్ళు ఫోన్ మీద రెండుసార్లు తప్పుగా పడ్డాయి. మూడోసారి రింగు వెళ్ళింది. ఒకటి. రెండు. ఒడ్డున సిగ్నల్ ఒక గీత చూపిస్తోంది. ఆమె ఎత్తైన ఉప్పుదిబ్బ వైపు పరుగెత్తింది. ఐదు. ఆరు.

"నర్సమ్మా!" పిచ్చమ్మ గొంతు ఆనందంతో వణుకుతోంది. "ఆయన లేచి కూర్చున్నాడమ్మా! నన్ను పేరు పెట్టి పిలిచినాడు. ఆకలేస్తాండాది, పాలు తాగుతా అన్నాడు..."

వెనకాల స్టీలు గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు.

"అక్కా! ఆ గ్లాసు కింద పెట్టు! పొట్లం వెయ్యొద్దు! వినపడుతోందా? పొట్లం..."

"ఏంది? సరిగా వినపడలా... పొట్లమా?" గరగరల మధ్య నుంచి పిచ్చమ్మ నవ్వింది. "వేసినాలేమ్మా. నువ్వు అంత గట్టిగా గీతలు గీసి చెప్పి పోతే, నేను మరుస్తానా?"

చెంచా చప్పుడు ఆగింది.

లైను తెగిపోయింది.